పోపుల డబ్బాలో పాట

ఆ రోజుల్లో నేను ఉద్యోగానికి కొత్త. ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తుంది గానీ అబద్ధం మాత్రం కాదు. లోకంలో అందరూ మీసాలు మొలిచే వయసులోనో, రెండు జడలు మానేసి ఒక జడ వేసుకునే వయసులోనో మొదటి కొలువులో చేరి, అప్పుడు చేసిన తెలివితక్కువ పనులను తర్వాత నలుగురికీ చెప్పుకుని నవ్వుకుంటారు. నేను కూతురి బిడ్డలకు జడలేసే వయసులో చేరాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని ఎవరు పిలిచి పనిస్తారు? నంద్యాలలో మా ఇంటి నడిమింట్లో, నా కోడలి పక్కన పీటేసుకుని కూర్చుని చేసే కొలువు అది. యజమాని కోడలు, పనిమనిషి అత్త. (ఇలాంటి కాలం ఒకటి వస్తుందని ముందే తెలిసి ఉంటే, పెళ్లయిన కొత్తలో ఆ పిల్లను ఇంకాస్త తక్కువగా సతాయించేదాన్ని.)

ఆ పని మాకు సంతోషంగా వచ్చింది కాదు. మావాడు ఆ నడిమింట్లోనే మైకు, కంప్యూటర్ పెట్టుకుని భజన పాటలు రికార్డు చేసేవాడు. కంప్యూటర్‌లో పాట ఎంత బాగున్నా బయటికి వచ్చేసరికి దాని వెనక సన్నగా ఒక రొద వస్తుందనీ, అది పోవాలంటే వేరే పెట్టె కావాలనీ, బయటి దేశాల పెట్టె మనం కొనలేమనీ, కాబట్టి తానే చవగ్గా ఒకటి తయారుచేస్తాననీ అనేవాడు. ఆళ్లగడ్డలో స్టూడియో నడిపే ఒకాయనకు (మేం మైకాయన అంటాం) మొదటి పెట్టె ఇస్తానని మాట కూడా ఇచ్చాడు. ఇచ్చిన మాట అట్లాగే ఉండిపోయింది. జ్వరమని పడుకున్నవాడు లేవలేదు. ఇక దాని గురించి రాయను.

సంవత్సరీకం అయిన మరునాడు కోడలి అన్న దొర్నిపాడు నుంచి కారేసుకుని వచ్చాడు. "ఇంక సాలు పాపా, మనింటికి పోదాం రా. ఈడుండి ఏం చేస్తావ్?" అన్నాడు. కోడలు కంప్యూటర్ పక్కన దుమ్ము పట్టిన తీగల కుప్పను చూపించి, "ఆయన మొదలుపెట్టిన పెట్టె ముగిస్తానన్నా. మైకాయన మెచ్చి ఇంకా కావాలంటే, అదే పని చేసుకుంటా ఈడే ఉంటా. మెచ్చకుంటే ఆ పొద్దే నీతో వస్తా" అంది. అతను నా వైపు చూశాడు. నేనేదో అంటానని అనుకున్నాడు. ఉండమని గానీ పొమ్మని గానీ అనడానికి నేనెవరిని? "కాపీ తాగి పో అప్పా, చల్లారిపోతాంది" అన్నాను. నా నోటికి వచ్చేవి అలాంటి మాటలే.

కోడలు ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్ల. ఆ పెట్టెను డ్యాక్ అంటారట. అది ఏం చేస్తుందని అడిగితే, "కంప్యూటర్‌లో పాట ఉండదత్తా, అంకెలుంటాయి" అంది. "మరి పాడేదెవురే?" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి వాకిట్లో ముగ్గు చూపించింది. "నువ్వు ముందు చుక్కలు పెడతావు కదా. కంప్యూటర్‌లో ఉండేవి ఆ చుక్కలే. వాటిని కలిపి, గీత వంపు తిరిగేట్టు చేసేది ఈ పెట్టె. చుక్కలు సమంగా పడకుంటే ముగ్గు వంకరపోతాది. కలిపే చేయి వణికినా పోతాది." అప్పుడు నాకు బాగా అర్థమైంది. అర్థమయ్యాక ఊరుకుంటానా? చుక్కలు సమంగా పడేట్టు చూసే చిన్న బిళ్ల ఒకటి, వాటిని కలిపే పురుగులాంటి నల్లటి చిప్పు ఒకటి, ఈ రెండూ ఖరీదైనవని తెలిసి, చవకవి లేవా అని రోజూ పీకాను. "అత్తా, ఖర్చు పెట్టాల్సింది ఈ రెండిటి మీదనే. మిగతా యాడ మిగిల్చాలో నువ్వే చెప్పు" అంది. అది మంచి యజమాని మాట. మిగల్చడం నాకు వదిలేసింది.

ఇక చూడండి. చెడిపోయిన కంప్యూటర్లు విప్పి పిన్నులు పెట్టే సాకెట్లన్నీ ఊడదీశాను. సీసం కరిగించి అతికించే సోల్డరింగ్ పని కోడలు నాకూ నేర్పితే, అప్పుడు కింద రాలిన సీసం పూసలు ఏరి అగ్గిపెట్టెలో దాచాను. (అవి మళ్లీ పనికిరావని కోడలు ఎంత చెప్పినా వినలేదు. ఆ అగ్గిపెట్టె ఇప్పటికీ ఉంది.) అతికించాక భాగాలకు మిగిలితే కత్తిరించి పారేసే సన్నటి తీగ కాళ్లతో కిటికీ తెర కట్టాను. పెట్టెకు ఇనుప తొడుగు ఉంటే బయటి రొద లోపలికి రాదని కోడలు అంటే, తొడుగుకు విడిగా ఖర్చెందుకని నా పోపుల డబ్బా ఖాళీ చేసి ఇచ్చాను. పెళ్లినాటి స్టీలు డబ్బా. సామాన్లు బాగుచేసే అంగడిలో దాని మూతకు గాలి కోసం బెజ్జాలు పెట్టించాం. ఎన్నిసార్లు తోమినా ఇంగువ వాసన పోలేదు. లోపల వెచ్చబడే కొద్దీ ఆ వాసన ఇంకా ఎక్కువైంది. మొదటిసారి పాట పెట్టిన రోజు అది ఎంత నిర్మలంగా పలికిందంటే, కోడలు కళ్లు మూసుకుంది. నాకు మాత్రం ఆకలేసింది.

మంచిరోజు చూసి ఆళ్లగడ్డకు బయలుదేరాం. మా ఇంట్లో కొత్త వస్తువు ఏదైనా సరే పసుపు కుంకుమ పెట్టందే గడప దాటదు. పెట్టాలంటే ముత్తయిదువ కావాలి. మా ఇంట్లో ఆ చేయి లేదు. ఇద్దరమూ పెట్టకూడనివాళ్లమే. అందుకని పక్క వీధి చిల్లర అంగడి శెట్టెమ్మను పిలిచాను. ఆమెది పెద్ద చేయి, పెద్ద మనసు. పసుపు నీళ్లలో జారుగా కలిపి, మూతంతా గడపకు పూసినట్టు పూసింది. "శెట్టెమ్మక్కా, చాలు, పైపైన చాలు" అంటూ కోడలు అల్లాడుతుంటే, నేనే "గమ్మునుండమ్మే, మంచి జరగాలనే కదా పెడతాండేది!" అని కసిరాను. శెట్టెమ్మ ఉత్సాహంగా ఇంకో పూత వేసింది. బస్సులో ఆ డబ్బాను దేవుణ్ణి ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటాయన ఏ ప్రసాదమని అడిగాడు.

మైకాయన స్టూడియో శిల్పాలు చెక్కే పాకల వెనక ఉంది. చుట్టూ ఉలి దెబ్బలు, రాతిని కోసే మిషన్ల మోత. వాళ్లు అన్నాలకు లేచినప్పుడే ఆయన పాటలు రికార్డు చేసుకోవాలి, వినాలి. మేమూ ఆ వేళకే పోయాం. ఉలులు ఆగాయి. సగం చెక్కిన విగ్రహాలు కూడా వింటున్నంత నిశ్శబ్దం. కోడలు పాట పెట్టింది. పాట కంటే ముందు డబ్బాలోంచి చిటపట మొదలైంది. నూనె కాగినట్టు, ఆవాలు పేలినట్టు, మధ్యమధ్య కరివేపాకు వేసినట్టు. దానికి తోడు ఇంగువ వాసన ఒకటి. మైకాయన ముక్కు ఎగబీల్చి, "అవ్వా, దీంట్లో ఆవాలింకా మిగిలిండాయా ఏంది?" అన్నాడు. గుమ్మంలో అన్నం తింటున్న పనివాళ్లు పొలమారేట్టు నవ్వారు. కోడలు మూత తీసింది. లోపల ఆకుపచ్చ పలక మీద, నెలల తరబడి భూతద్దం పట్టుకుని అతికించిన ఆ భాగాల మీద, పసుపు నీళ్లు కాలవలు కట్టి ఉన్నాయి.

"అత్తా" అంది. అంతే. దాని తర్వాత ఏదో అంటుందని ఎదురుచూశాను. అనలేదు. ఇంతలో అన్నాలు ముగిశాయి, మిషన్లు మొదలయ్యాయి. ఆ మోతలోనే మైకాయన అరిచి చెప్పాడు: "కడిగి ఆరబెట్టుకోని అమావాస్యకు రాండి! ఆ పొద్దు ఈళ్లు ఉలి ముట్టరు, బాగా ఇనొచ్చు!" తిరుగు బస్సులో కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. తిట్లకు జవాబు చెప్పడం నాకు వచ్చు.

ఇంటికొచ్చి స్పిరిటుతో, చిన్న కుంచెతో కడిగింది. చెడిన భాగాలు మార్చింది. ఆ రోజుల్లో నేను పీట మీద కూర్చున్నా చేతికి ఏమీ ఇవ్వలేదు. కొలువులోంచి తీసేసినట్టే అనుకున్నాను. ఆమె అన్న ఫోనులో, "అమావాస్య పొద్దు ఎవురన్నా మంచి పనికి పోతారా? సరే, నేనే కారు తెస్తా. ఆళ్లగడ్డలో ముగించుకోని అట్నుంచే దొర్నిపాడు పోదాం. గుడ్డలు సర్దుకో" అన్నాడట. ఆమె గుడ్డల పెట్టె సర్దుకుంటుంటే, మడతలు సరిగ్గా లేవని రెండు చీరలు మళ్లీ మడిచి ఇచ్చాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

అమావాస్య నాడు అతను వచ్చి ఆమె గుడ్డల పెట్టెను కారులో పెట్టాడు. కోడలు డబ్బాను సంచిలో పెట్టబోయి నా వైపు చూసి ఆగింది. అమావాస్య పూట శెట్టెమ్మ రాదు. వచ్చినా నేను పిలవను. కుంకుమ భరిణె తెచ్చి కోడలి ముందు పెట్టాను. "నువ్వే పెట్టు. పొడిది. బెజ్జాలకు దూరంగా."

"నేనా అత్తా?"

"చేసింది నువ్వే కదా. నీళ్లు గీళ్లు కలిపితే మాత్రం ఊరుకోను."

మూత మీద చిన్న బొట్టు పెట్టింది. వేలికి ఇంకాస్త కుంకుమ మిగిలింది. దాన్ని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక చేయి అట్లాగే పట్టుకుని నిలబడింది. వాళ్లన్న గుమ్మంలోనే ఉన్నాడు. "పారెయ్యొద్దు" అన్నాను. "దుడ్లు పెట్టి కొన్నది." ఆమె నా ముఖం కాసేపు చూసి, ఆ వేలు తన నుదుటికి ఆనించుకుంది. వాళ్లన్న దగ్గి, కారు దగ్గరికి పోయాడు.

ముగ్గురమూ పోయేసరికి ఆ రోజు ఆళ్లగడ్డలో ఉలి చప్పుడు లేదు. మైకాయన తలుపులేశాడు. కోడలు పెట్టింది మావాడు మైకు సరిచూసుకోవడానికి తానే పాడుకున్న భజన కీర్తన. ఇంట్లో నేను ఎన్నోసార్లు విన్నదే, కానీ కంప్యూటర్ రొదలో విన్నది. ఇప్పుడు రొద లేదు, చిటపట లేదు. వాడు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. తాళం వేసే చిడత వేలికి తగలడం వినిపించింది. రెండో చరణం తర్వాత పాట ఆగినచోట, ఎక్కడో దూరంగా, వంటింట్లోంచి ఒక ఆడగొంతు కర్ణకఠోరంగా లేచింది: "పట్టపగలు లైటేందిరా? కిటికీలు మూసుకోని లైటేసుకుంటావా? బిల్లు నీ మామ కడతాడా? ఆపు!"

మైకాయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "ఎవురమ్మా ఆ అరుస్తాండేది?"

"నేనే" అన్నాను.

ఆ అరుపు తర్వాత పాటలో చిన్న నవ్వు ఉంది, నోరు మూసుకుని నవ్విన నవ్వు. దాని వెంటనే టిక్కుమని స్విచ్చి చప్పుడు. మావాడు లైటు ఆపేశాడు. మూడో చరణం చీకట్లో పాడాడు.

పాట ముగిశాక మైకాయన డబ్బా మీద చేయి వేశాడు. తర్వాత, "ఆడ వంటింట్లో అరిస్తే ఈడ ఇనపడతాందంటే, ఇంక దీనికి పరీక్ష ఏంది అమ్మా?" అని ఆ డబ్బాను తన బల్ల మీదే ఉంచేసుకున్నాడు. తనకు ఇంకొకటీ, శ్రీశైలంలో పాటల అంగళ్లు నడిపే తన స్నేహితులకు కొన్నీ కావాలన్నాడు. అయితే ఇంగువ వాసన లేనివి. కోడలు వాళ్లన్న వైపు చూసింది. అతను ఏదో అనేలోపే నేను బయటికి పోయి కారు తలుపు తీసి ఆమె గుడ్డల పెట్టె దించి చంకన పెట్టుకున్నాను. "బస్సుకు యాళైతాంది, బిన్నా రామ్మే" అన్నాను. ఉండమని నేను ఆ పిల్లతో ఈనాటికీ అనలేదు.

ఇప్పుడు డబ్బాలు కొత్తవి కొంటున్నాం. నా చూపు మందగించింది కాబట్టి సోల్డరింగ్ మాన్పించి, మూతలు తుడిచే పనిలో వేసింది యజమాని. ఎప్పుడైనా నడిమింట్లో కిటికీలు మూసి, పట్టపగలు లైటు వెలుగుతుంటే నా చేయి దానంతటదే స్విచ్చి మీదికి పోతుంది. పోయి అక్కడే ఆగుతుంది. అరిచే ఆ ఆడమనిషి నాకిప్పుడు బాగా తెలుసు. లైటును కాసేపు వెలగనిస్తాను.