కెప్టెన్‌కు కళ్లు పెట్టిన కుంచె

కామాటిపుర పదకొండో గల్లీలో ఒక పాత చాల్, వరసగా ఒంటిగదుల ఇళ్లున్న మేడ. దాని రెండో అంతస్తులో, చివరి ఖోలీలో, అంటే చివరి గదిలో, ఒక సైన్యం కాపురం ఉంటోంది. ఒక్కో సిపాయి బొటనవేలంత. వీళ్లది ఈ భూమ్మీది యుద్ధం కాదు. ఇంకా పుట్టని కాలంలో, ఏదో నక్షత్రం పక్కన, కవచాలు తొడుక్కుని, తమకంటే పొడుగైన తుపాకులు పట్టుకుని కొట్టుకునే జాతి. వీళ్లందరికీ సేనాధిపతి శైలేష్. ముప్పై దాటినవాడు, నాగ్‌పాడాలో పెట్టుడు పళ్లు చేసే ల్యాబులో ఉద్యోగి. మనిషి నోట్లో మిగిలిన పళ్ల రంగు చూసి, పెట్టుడు పన్నుకు కూడా సరిగ్గా అదే పసుపు ఛాయ తెప్పించడం అతని పని. పగలంతా ఊళ్లోవాళ్ల పళ్లకు రంగు వేసి, ఇంటికొచ్చి మళ్లీ రంగుల ముందే కూర్చునేవాణ్ణి ఏమనాలి? వాళ్లమ్మ లక్ష్మవ్వ అనవలసింది అంటూనే ఉంటుంది.

"పెండ్లి చేస్కోరా అంటే ఫౌజు తయారు చేస్తుండు. వీనికి పిల్లనిస్తే ఆ పిల్లను గూడ అద్దాల డబ్బాల నిలబెడ్తడు."

శైలేష్ నవ్వి ఊరుకుంటాడు. ఈ ప్లాస్టిక్ సిపాయిలు పెట్టెల్లో ముక్కలు ముక్కలుగా వస్తారు. చేతులొక చోట, తలకాయలొక చోట. కత్తిరించి, అతికించి, ముందు నల్లరంగు పట్టించి, దాని మీద కవచం రంగు వేసి, సందుల్లోకి పల్చటి మసిరంగు జారవిడవాలి. అది ఆరాక అంచులకు వెలుగు తేవాలి. కళ్లు అన్నిటికన్నా చివర. నెలకోసారి అంధేరీలో ఆ పిచ్చి ఉన్నవాళ్లందరూ ఒక బల్ల చుట్టూ చేరి, పాచికలు వేసి యుద్ధం చేస్తారు. గెలుపోటముల మీద శైలేష్‌కు పెద్ద ధ్యాస లేదు. తన సిపాయిలు ఎదుటివాడి సిపాయిల కంటే అందంగా చస్తే చాలు.

ఆ చేతికి ఆ పనితనం ఊరికే రాలేదు. పక్క ఖోలీ పెద్దయ్య నేర్పాడు. రక్తసంబంధం ఏమీ లేదు, కానీ చాల్‌లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆయన తాతే. ఒకప్పుడు ఫాక్‌లాండ్ రోడ్డు మీద సగం దుకాణాల బోర్డులు ఆయన రాసినవే. మరాఠీ, హిందీ, ఉర్దూ, ఏ భాష అడిగితే అది. చదవడం మాత్రం తెలుగు ఒక్కటే వచ్చు. ప్లాస్టిక్ బ్యానర్లు వచ్చి బోర్డుల పని ఊడ్చిపెట్టుకుపోయాక ఆయనకు ఏడాదికి ఒక్క పనే మిగిలింది. పోచమ్మకు కళ్లు దిద్దడం.

చాల్ వెనక సందులో గోడలోకి తొలిచిన చిన్న గూడే పోచమ్మ గుడి. మహబూబ్‌నగర్ నుంచి రాళ్లు మోయడానికి వచ్చిన ముత్తాతలు అలాంటి ఒక రాయినే నిలబెట్టి అమ్మవారన్నారు. ఏడాది పొడుగునా పసుపూ నూనే పట్టీ పట్టీ ఆమె కళ్లు చెరిగిపోతాయి. ఆషాఢంలో బోనాల ఆదివారం నాడు రాయి కడిగి, పసుపు పూసి, కొత్తగా కళ్లు దిద్దాలి. దిద్దేదాకా ఏ ఆడమనిషీ బోనం తలకెత్తుకోదు. చూపు లేని తల్లి ముందు బోనం దించితే ఆమెకేం తెలుస్తుంది, అంటారు. తెల్లరంగు పెట్టాక నల్ల గీత ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ఒక్క ఊపున వెళ్లాలి. నడుమ చెయ్యి ఎత్తకూడదు. అందుకోసమే పెద్దయ్య వయసులో ఉన్నప్పుడు ఉడుత తోక వెంట్రుకలు ఏరి, ఈక కాడలో దూర్చి, లక్కతో బిగించి ఒక కుంచె చేసుకున్నాడు. అది మరే పనికీ ముట్టడు. బిస్కెట్ల డబ్బాలో, నూనెగుడ్డ చుట్టుకుని, ఏడాదంతా నిద్రపోతుంది.

ఆ నిద్ర చెడగొట్టింది మన సేనాధిపతే.

వేసవిలో అంధేరీ క్లబ్బువాళ్లు రంగుల పోటీ పెట్టారు. శైలేష్ ఒక కెప్టెన్ బొమ్మను ఎంచుకున్నాడు. కెప్టెన్‌కు శిరస్త్రాణం లేదు, మొహం బయటికే ఉంది. మొహం ఉంటే కళ్లుండాలి కదా. ఆవగింజలో సగం ఉండే కళ్లు. తన సన్న కుంచె ముక్కు అరిగిపోయింది, ఆర్డరిచ్చిన కొత్తది ఇంకా రాలేదు. ఆ ఆదివారం పొద్దున పెద్దయ్యా, ఆయన భార్య వజ్రమ్మా చుట్టాల ఇంట్లో చావు ఉంటే వర్లీ వెళ్లారు. ఎప్పటిలాగే తాళంచెవి లక్ష్మవ్వకిచ్చి వెళ్లారు. ఒక్కసారే కదా, తాతే కదా, అడిగితే మాత్రం కాదంటాడా? అడిగి తీసుకునేవాళ్లకు ఇలాంటి ప్రశ్నలు రావు. శైలేష్‌కు మూడూ వచ్చాయి, మూడింటికీ తనే జవాబు చెప్పుకుని, ఆ తాళంచెవితో తలుపు తీసి కుంచె తెచ్చుకున్నాడు.

కుంచె ముట్టుకున్నాక తెలిసింది అదేమిటో. చిటికెనవేలు రెండో చేతికి ఆనించి, ఊపిరి బిగబట్టి, తాత నేర్పినట్టే ముట్టించాడు. కెప్టెన్ కళ్లు తెరిచి చూశాడు. శైలేష్‌కు ఒళ్లు పులకరించింది. అంతలో కింద ట్యాక్సీలో క్లబ్బు స్నేహితుడు కునాల్ హారన్ మీద హారన్. కుంచెను గ్లాసు నీళ్లలో వేసేసి, కెప్టెన్‌ను దూదిలో చుట్టుకుని పరుగెత్తాడు.

సాయంత్రం రెండో బహుమతితో తిరిగొచ్చాడు. తలకిందులుగా పొద్దంతా గ్లాసు అడుగున నిలబడి, కుంచె ముక్కు గాలంలా వంగిపోయింది. నీళ్లు అందని వెంట్రుకల మొదళ్లలో రంగు గట్టిపడింది. వంగిన కుంచెను వేణ్ణీళ్లలో ముంచితే తిన్నగా అవుతుందని ఎప్పుడో వీడియోలో చూశాడు. స్టవ్ వెలిగించాడు. ఆ చిట్కా నైలాన్ కుంచెలకు. ఇది లక్కతో బిగించిన ఉడుత వెంట్రుక. వేడికి లక్క కరిగి వెంట్రుకలు నీళ్లలో తేలుతుంటే, ల్యాబులో పన్నుకి పన్ను అతికించే మనిషి ఆ గ్లాసు వంక చూస్తూ కూలబడ్డాడు. తర్వాత ఒక్కొక్కటీ ఏరి, బొమ్మలకు వాడే జిగురుతో అతికించి, ఉమ్మితో ముక్కు దువ్వి, నూనెగుడ్డ చుట్టి, వర్లీ వెళ్లినవాళ్లు రాకముందే డబ్బాలో పెట్టి వచ్చాడు. చూడ్డానికి కుంచెలాగే ఉంది.

రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపు ఆషాఢం దాకా సాగింది. ఖోలీల ముందు వరండాలాంటి గ్యాలరీలో పెద్దయ్య ఎదురై "కాయ్ రే శైల్యా, ఏమాయె నీ ఫౌజు?" అని అడిగితే చాలు, శైలేష్ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. బహుమతి కెప్టెన్‌ను అద్దాల అల్మారాలో ముందు వరసలో నిలబెట్టింది లక్ష్మవ్వ. శైలేష్ ఎటు కూర్చున్నా వాడు తననే చూస్తున్నట్టుండేది. మంచి కళ్లు పెట్టడంలో ఉన్న చిక్కే అది.

బోనాల ఆదివారం వచ్చింది. సందు నిండా ఆడవాళ్లు, వేపాకులు, పసుపు పూసిన కుండలు. డప్పులవాళ్లు దిద్దడం అయ్యేదాకా కొట్టకుండా నిలబడ్డారు. అమ్మవారి తొలిచూపు మనుషుల మీద పడకూడదని వజ్రమ్మ అద్దం పట్టుకుంది. ఒక్కపొద్దు ఉపవాసం ఉన్న పెద్దయ్య పక్కకు ఒదిగి నిలబడి తెల్లరంగు పెట్టాడు. కుంచెను నల్లరంగులో ముంచి గీత లాగాడు.

గీత రెండుగా చీలింది. ఒకటి కంటి మీద నుంచి పోయింది, ఇంకొకటి చెంప మీదికి జారింది.

పెద్దయ్య తుడిచి, కళ్లు చిట్లించి మళ్లీ లాగాడు. మళ్లీ చీలింది. పోచమ్మ మొహం ఏడ్చిన పిల్ల మొహంలా అయింది. ముసలాయన కుంచె వంక చూడనే లేదు. తన చేతి వంక చూసుకున్నాడు. అన్నేళ్లు వెంట ఉన్న కుంచెను ఎవరు అనుమానిస్తారు? చెయ్యి అయితే ముసలిది.

"పోయింది రా," అన్నాడు మెల్లగా. "నా చెయ్యి పోయింది. ఇన్నేండ్లు తల్లి నడిపించింది, ఇగ బస్ అంటుంది."

"అట్లనకు తాతా..." అన్నాడు శైలేష్. అంతవరకే వచ్చింది. చుట్టూ చాల్ అంతా ఉంది, తలల మీదికి ఎక్కాల్సిన బోనాలున్నాయి, లక్ష్మవ్వ ఉంది.

"నువ్వు దిద్దు శైల్యా. నీ చేతుల వున్నది పనితనం. పో, నీ కుంచె తెచ్చుకో. ఆడోళ్లు ఎంతసేపు నిలబడ్తరు?"

తెచ్చాడు. కొత్తగా వచ్చిన సన్న కుంచె. ఒక్క ఊపున గీత లాగాడు, రెండో కంటికీ లాగాడు. అమ్మవారు అద్దంలోకి చూసింది. డప్పులు మోగాయి. అందరూ అతని భుజం తట్టారు. అందరికంటే గట్టిగా తట్టింది పెద్దయ్యే. లక్ష్మవ్వ కళ్లనీళ్లు పెట్టుకుని, "బొమ్మల పిచ్చి అన్న గానీ, తల్లి పనికొచ్చింది సూడు," అంది. దొంగిలించిన వస్తువును ఊరంతా చూస్తుండగా సన్మానం చేసి చేతికిస్తే ఎలా ఉంటుందో శైలేష్‌కు ఆ రోజు తెలిసింది. అతను బోనం అన్నం ముద్ద మింగలేకపోయాడు.

తర్వాత చూడాలి అసలు సంగతి. పెద్దయ్య కుడిచేతిని పనిలోంచి తీసేశాడు. చాయ్ సాసర్ ఎడంచేత్తో పట్టుకోవడం మొదలుపెట్టాడు. గడ్డం గీసుకోవడం మానేసి మంగలిని పిలిపించుకున్నాడు. గ్యాలరీలో కూర్చుంటే ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు, తప్పు చేసిన పిల్లవాణ్ణి మూల కూర్చోబెట్టినట్టు. శైలేష్ ఆ దారిన ల్యాబుకు వెళ్లాలి, ఆ దారినే రావాలి. బొమ్మల ముందు కూర్చున్నా కుంచె సాగడం లేదు. తన చెయ్యి ఎంత నిలకడగా ఉంటే అంత సిగ్గుగా ఉంది. అంధేరీ వెళ్లడం మానేశాడు.

దసరా దాటాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఇక తట్టుకోలేక, తన సన్న కుంచె, రంగు డబ్బా, కళ్లు పెట్టని ఒక సిపాయి బొమ్మ జేబులో వేసుకుని పెద్దయ్య ఖోలీకి వెళ్లాడు. వజ్రమ్మ స్టవ్ దగ్గర చాయ్ పెడుతోంది. శైలేష్ కింద కూర్చుని అంతా చెప్పాడు. వర్లీ చావు, తాళంచెవి, కెప్టెన్, గ్లాసు నీళ్లు, వేణ్ణీళ్లు, జిగురు. ఏదీ దాచలేదు.

"నీ చెయ్యికేం కాలేదు తాతా. కుంచెను నేనే ఖరాబ్ చేసిన. తల్లి మీద ఒట్టు."

పెద్దయ్య కోప్పడితే బాగుండును, నాలుగు తగిలిస్తే ఇంకా బాగుండును. ముసలాయన నవ్వాడు.

"ముసలోని మనసు ఖుష్ చేయనీకె ఎంత కథ అల్లినవ్ రా! నా కోసం తల్లి మీద అబద్ధపు ఒట్టు పెడ్తున్నవా? తప్పు. అట్ల పెట్టొద్దు."

"ఖరే తాతా, నిజం! నమ్మకపోతే గీ బొమ్మకు దిద్దు. నా కుంచెతోటి. నీకే తెలుస్తది."

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఈ నిజం నిలబడి నిలబడి పాచిపోయింది. పెద్దయ్య అతని మాట కాదనలేక తొడ కింది నుంచి చెయ్యి తీశాడు. నెలల తరబడి గ్లాసు కూడా పట్టని వేళ్లు కుంచె చుట్టూ పట్టు దొరక్క తడుముకున్నాయి. చిటికెనవేలు ఆనించుకున్నాడు. చెయ్యి వణికింది. ఈసారి నిజంగానే వణికింది. నల్లరంగు సిపాయి ముక్కు మీద, గడ్డం మీద పడింది.

"సూసినవా?" అన్నాడు పెద్దయ్య, పంతం నెగ్గినవాడిలా. ఆ వణికే చేతినే శైలేష్ తల మీద పెట్టాడు. "నువ్వు మంచోనివి బిడ్డా."

శైలేష్ బొమ్మ తీసుకుని లేచాడు. గ్యాలరీలోకి రాగానే వెనక వజ్రమ్మ వచ్చి, ఖోలీ తలుపు దగ్గరికి లాగి నిలబడింది. చేతిలో బిస్కెట్ల డబ్బా ఉంది. అందులోంచి ఉడుత కుంచె తీసి, జిగురు గట్టిపడిన మొదలును గోటితో గీరి చూపించింది.

"ఆయన నమ్మలే," అంది. "నేను నమ్మిన."

శైలేష్ తల ఎత్తలేదు. ఆమె అరవలేదు, ఏడవలేదు. అతని చేతిలోని బొమ్మను తీసుకుని, నల్లమరకల మొహాన్ని కాసేపు చూసి, తిరిగి అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"దీన్ని తుడువకు, గట్లనే వుంచు. రేపు ఇంకోటి పట్టుకరా. ఎల్లుండి ఇంకోటి. నాకు కుంచె పట్టరాదు. నువ్వు నీ పాపం కడుక్కోనీకె గాదు, ఆయన చెయ్యి మల్ల నిలబడేదాక ఆయనతోటే దిద్దిపియ్యి. నీ తాన ఫౌజు వుంది గదా."

ఇంటికొచ్చి అల్మారా తెరిచాడు. కెప్టెన్‌ను వెనక వరసలోకి జరిపి, మరకల మొహం సిపాయిని ముందు నిలబెట్టాడు. తర్వాత కళ్లు పెట్టని బొమ్మల పెట్టె కిందికి దించి, రేపటికి ఒకదాన్ని ఏరడం మొదలుపెట్టాడు.