బాబాయి ఫ్లాస్కు

కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరును అందరూ బాబాయి అంటారు. కిటికీ పక్కన గాజుతొట్టెలో ఆయన డాఫ్నియాలను పెంచుతాడు. నువ్వుగింజంత నీటిపురుగులు. ఒళ్లు గాజులా ఉంటుంది. మైక్రోస్కోపు కింద పెడితే లోపల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. వాటికి మేతగా భార్య ఈస్టు నీళ్లు కలిపి సీసాలో పోసి పంపుతుంది.

బాబాయికి గుండెదడ ఉంది. డాక్టరు కాఫీ మానమన్నాడు. ఆయన మానలేదు. రోజూ భార్య కాచిచ్చే డికాక్షన్‌ను ఫ్లాస్కు నిండా తెచ్చుకుంటాడు. ఈమధ్య దడ లేదు. రాత్రి గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు.

"కాఫీ నన్నేం చేస్తుంది! డాక్టర్లకు పని లేదు" అని ల్యాబులో అందరికీ చెబుతాడు.

ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. డాఫ్నియా గుండె వేగాన్ని నోటితో లెక్కపెట్టలేం. కొట్టుకున్నప్పుడల్లా కాగితం మీద పెన్సిల్‌తో చుక్క పెట్టి, తర్వాత చుక్కలు లెక్కపెడతారు. చన్నీళ్లలో చుక్కలు పలచబడ్డాయి. గోరువెచ్చని నీళ్లలో ముసురుకున్నాయి. మూడో గిన్నెలో, ఏటా చేసినట్టే, బాబాయి ఫ్లాస్కులోంచి కాఫీ చుక్కలు వేశారు. వేగం పెరగాలి. పెరగలేదు.

ఎగ్జామినర్ కళ్లజోడు మీదుగా జువాలజీ మేడమ్‌ను చూశాడు. మేడమ్ బాబాయిని చూసింది.

"పురుగులు ముసలివైపోయాయా బాబాయ్? అసలు నీళ్లు మారుస్తున్నావా?"

"నన్నేమన్నా అనండమ్మా. వాటిని అనకండి."

"పెంచడం నీవల్ల కాకపోతే చెప్పు. తొట్టెను బాటనీ వాళ్లకి ఇచ్చేస్తాను."

"బాటనీ వాళ్లకా!" బాబాయి తొట్టెకు అడ్డంగా నిలబడ్డాడు. "చన్నీళ్లకి నెమ్మదించాయి. వేడికి పరిగెత్తాయి. వాటి గుండెకేం రోగం?"

"మరి రోగం ఎక్కడ?"

అందరి చూపూ ఫ్లాస్కు మీద పడింది. ఎగ్జామినర్ మూతలో కాస్త పోసుకుని చప్పరించాడు.

"ఇది కాఫీ కాదు. వేయించిన బార్లీ."

"మా ఆవిడ స్వయంగా..." అని మొదలుపెట్టి బాబాయి ఆగిపోయాడు.

క్యాంటీన్ నుంచి పాలు లేని కాఫీ తెప్పించారు. చుక్క వేశారు.

"మేడమ్, పెన్సిల్ అందుకోలేకపోతోంది!" అని ఒక విద్యార్థిని అరిచింది.

తొట్టె కిటికీ పక్క నుంచి కదల్లేదు. బాబాయి మాత్రం కోపంగా క్యాంటీన్‌కు వెళ్లి, వెనకటి బాకీ తీర్చుకున్నట్టు వరసగా కాఫీ తాగాడు.

ఇంటికి వచ్చి ఫ్లాస్కును భార్య ముందు పెట్టాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

ఆవిడ బుకాయించలేదు. "ఎవరు చెప్పారు?"

"పురుగులు."

"రోజూ మేత కలిపి పంపేది నేను. విశ్వాసం లేని పురుగులు!"

బాబాయి ఇంకేదో అనబోయి కుర్చీలో కూలబడ్డాడు. చెయ్యి ఛాతీ మీదికి పోయింది.

"కాసిని చన్నీళ్లివ్వు."

"బయట తాగొచ్చారా?"

ఆవిడ గ్లాసు చేతికిచ్చి, పక్కన కూర్చుని నాడి పట్టుకుంది. దడ తగ్గేదాకా వదల్లేదు.

"రేపు ఫ్లాస్కులో ఏం పొయ్యమంటారు?"

బాబాయి గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"నాకు బార్లీయే పొయ్యి. వాటికి మాత్రం మంచి కాఫీ, వేరే సీసాలో."