నిజం చెప్పిన బొమ్మకు కొరడా దెబ్బలు

నిన్న పుట్టపర్తిలో ఒక అంగట్లో తోలుబొమ్మతో చేసిన టేబుల్ ల్యాంపు చూశాను. బల్బు వెలిగిన కాసేపటికి వేడెక్కిన తోలు వాసన వచ్చింది. మన ఊరి తోలుబొమ్మలాట మీకు గుర్తుందా? తెల్లపంచె తెర, వెనక ఆముదం దీపాలు, మనం పరుచుకున్న గోనెపట్టలు.

కరువొచ్చిన ఆ ఏడు వాన కోసమే ఆడించారు. కథలో రాజు తన రాజ్యంలో కరువుందా అని అడుగుతాడు. మంత్రులందరూ లేదంటారు. ఒక అమాయకుడు మాత్రం, "మీ కాళ్లు కడుగుదామన్నా నీళ్లు లేవు దొరా" అంటాడు. అందుకు వాడికి కొరడా దెబ్బలు. బొమ్మ కాళ్లూ చేతులూ ఎగిరిపడుతుంటే అందరూ పడిపడి నవ్వారు.

మా నాయన నవ్వలేదు. కరువు పనిలో కూలికిచ్చే జొన్నలు తక్కువ కొలుస్తున్నారని, చూడవచ్చిన అధికారికి ఆయన చెప్పాడు. మరునాడే పనిలోంచి తీసేశారు. ఆట నాటికి అది జరిగి వారం కూడా కాలేదు.

అమ్మ లేచి నిలబడింది.

"ఏమప్పా, వాడు అబద్ధం చెప్పినాడా? ఎందుకు కొడతాండావు?"

"కథ అట్లే ఉండాదక్కా," అన్నాడు తెర వెనక నుంచి బొమ్మలాయన. "కొట్టకపోతే జనం నవ్వరు."

"అయితే ఈ నవ్వేటోళ్లను కొట్టు," అని అమ్మ గోనెపట్ట చుట్టుకుంది. మేం ముగ్గురం వచ్చేశాం. మా వెనక ఒక్కరూ లేవలేదు.

"భలే నవ్వొచ్చే బొమ్మన్నా, తీసుకుపో," అన్నాడు నిన్న అంగడతను, ఆ ల్యాంపు చూపిస్తూ. నాకు నవ్వు రాలేదు.

మీ ఇళ్లకూ ఆ తక్కువ జొన్నలే వచ్చేవి. నాయన చెప్పింది నిజమని మీ పెద్దలందరికీ తెలుసు. మరి ఎందుకు నవ్వారు?