ఉప్పుమడి చెప్పిన పాఠం

ఆమదాలవలసలో రైలెక్కి నౌపడ వెళుతున్నాను. అక్కడి బడిపిల్లలకు కొండల మీద కట్టే పెద్ద టెలిస్కోపుల గురించి చెప్పాలి. పోయినసారి వేరే ఊళ్లో నేను చెబుతుంటే పిల్లలు నిద్రపోయారు. తప్పు వాళ్లదేనని అప్పుడే తేల్చేశాను. ఈసారి ముందుగా ఎదుటి సీట్లో ఉన్న పెద్దావిడకు బడి సంగతి చెప్పి, ఆవిడ మీద సాధన మొదలుపెట్టాను. ఆవిడ ఉప్పుమళ్లలో పనిచేస్తుందట.

"టెలిస్కోపులో అద్దం ఇల్లంత వెడల్పుంటుందమ్మా."

"అంత అద్దం ఏటికి బాబూ?"

"చుక్కలు పెద్దగా కనబడటానికి."

ఆవిడ పకపకా నవ్వింది. "మడి పెద్దదైతే ఉప్పుగల్లు పెద్దదవుతాదేటి? ఉప్పు ఎక్కువొస్తాది గానీ! నువ్వేటి సెప్పినా పిల్లలు నమ్మేస్తారు, సరిగ్గా సెప్పు."

ఆవిడ అన్నదే నిజం. అద్దం ఎంత వెడల్పుంటే అంత ఎక్కువ వెలుతురు పోగవుతుంది. అందుకే మన కంటికి అందని దూరపు మసక చుక్కలు కూడా దానికి దొరుకుతాయి.

బడిలో ఉప్పుమడి పోలికే చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఇంత చక్కని పోలిక ఎక్కడిది సార్?" అన్నారు హెడ్మాస్టారు.

"ఒక విదేశీ పుస్తకంలో చదివాను."

"పేరు చెప్పండి, బడికి తెప్పిస్తాం" అంటూ ఆయన కలం తీశారు.

ఆవిడ పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.