ఆ రోజు నీళ్ళ వంతు మార్చింది నేనే

నేను మొట్టమొదట ఉద్యోగం చేసిన కొల్లేటి ఒడ్డు ఊళ్ళో ఈమధ్య హైస్కూలు కట్టారు. ప్రారంభోత్సవానికి ఒక సంచిక అచ్చు వేశారు. పాత బడిలో పనిచేసినవాళ్ళలో బతికున్నది నేనొక్కణ్ణే కాబట్టి నన్నూ ఒక వ్యాసం రాయమన్నారు. రాశాను. అందులో సగం వేసి సగం తీసేశారు. అదే సంచికలో బడి చరిత్ర అని వేరొకరు రాసిన వ్యాసం ఉంది. పాత బడి హెడ్మాస్టరు పెద్దల ఒత్తిడికి లొంగి తన పేట పిల్లనే పక్కకు తప్పించాడనీ, ఆ బడి అందుకే మూతపడిందనీ అందులో రాశారు.

అది అబద్ధం. లొంగింది ఆయన కాదు, నేను. సంచికవాళ్ళు తీసేసిన సగంలో ఉన్నది ఇదే. వాళ్ళు వెయ్యలేదు కాబట్టి ఇంకోచోట వేయిస్తున్నాను. నేను ఇరవై ఏళ్ళు నోరు మూసుకున్నది చాలు.

ముప్పైల నడిమి సంవత్సరాలవి. బడి అంటే ఒక దిబ్బ మీద తాటాకు పాక. వరదొస్తే చుట్టూ నీళ్ళే. ఐదు తరగతులు, ఇద్దరు మాస్టర్లం. మిషనుదీ కాదు, జిల్లా బోర్డుదీ కాదు. మా హెడ్మాస్టరు గారు ఆ ఊరి క్రైస్తవుల పేటలో పుట్టినాయన. మిషను ట్రైనింగు స్కూల్లో చదివి, మిషను బళ్ళోనే కొన్నాళ్ళు పనిచేశారు. అక్కడ అన్ని కులాల పిల్లలూ వస్తున్నారు గాని, ఎవరి చాప వాళ్ళదే. ఆయన మార్చమని అడిగారు, వాళ్ళు మార్చలేదు. ఆయన రాజీనామా ఇచ్చి వచ్చి ఈ దిబ్బ మీద పాక వేశారు. రైతుల పిల్లలు, చేపలు పట్టేవాళ్ళ పిల్లలు, పేట పిల్లలు అందరికీ పొడుగ్గా ఒకటే చాప. నేను తాడేపల్లిగూడెంలో పౌరోహిత్యం చేసే ఇంటివాణ్ణి. ఏలూరులో ట్రైనింగు పూర్తిచేసి, ఇంకెక్కడా ఖాళీ లేక అక్కడికి వెళ్ళాను. ఆదర్శం కోసం వెళ్ళానని సంచికలో రాశారు. అదీ అబద్ధమే.

ఆ బడిలో చదువు తీరే వేరు. నీళ్ళలో గీతలు పెట్టిన వెదురు గెడ ఒకటి పాతారు. ప్రతి సోమవారం ఒక పిల్లవాడు మోకాలి లోతు దిగి, కొల్లేరు ఎంత పెరిగిందో ఎంత తగ్గిందో చూసి బొగ్గుతో పాక మట్టిగోడ మీద రాసేవాడు. ఏడాది తిరిగేసరికి కూడికలూ తీసివేతలూ ఆ గోడ మీదే వచ్చేసేవి. ఎక్కాలు వల కళ్ళు లెక్కపెట్టి నేర్పేవాళ్ళం. వల అల్లడం రాని రైతుబిడ్డలకు చేపలు పట్టేవాళ్ళ పిల్లలు నేర్పేవాళ్ళు, అప్పుడు ఆ నేర్పేవాళ్ళ మొహాలు చూడాలి. పాక వెనక నేల మీద కొల్లేటి పటం మట్టితో కట్టాం. బుడమేరు, తమ్మిలేరు ఎటునుంచి వచ్చి కలుస్తాయో, ఉప్పుటేరు ఎటు పోతుందో, కొల్లేటికోట ఎక్కడుందో పిల్లలు నీళ్ళు పోసి చూపించేవాళ్ళు. శనివారం మధ్యాహ్నం ఊళ్ళోవాళ్ళొచ్చి చుట్టూ కూర్చునేవారు. పెద్ద తరగతి పిల్లలు పత్రిక చదివి వినిపించేవారు. ఉత్తరాలు రాయించుకునేవాళ్ళు రాయించుకునేవారు.

వీటన్నిటికన్నా గట్టి నియమం నీళ్ళ వంతు. రిజిస్టరులో పేర్లు ఏ వరసలో ఉంటే ఆ వరసలో రోజుకొకరు. వంతు వచ్చిన పిల్ల గాని పిల్లాడు గాని పొద్దున్నే కుండ తోమి, ఎవరిదో తాటిదోనెలో కొల్లేటి లోపలికి వెళ్ళి నీళ్ళు తేవాలి. చిల్లగింజ అరగదీసి నీళ్ళు తేర్చాలి. దాహమైనప్పుడల్లా ముంతతో అందరి దోసిళ్ళలోనూ తనే పొయ్యాలి. మాస్టర్లకు కూడా. ఎవరి వంతూ ఇంకొకరు చెయ్యకూడదు. వంతు పిల్ల రాకపోతే హెడ్మాస్టరు గారే ఇంటికి వెళ్ళి తీసుకొచ్చేవారు. జ్వరమొస్తే ఆ పూట బడికి నీళ్ళు లేవు, అంతే. ఎందుకింత పట్టింపు అని ఒకసారి అడిగాను. ఒక్కసారి దాటేస్తే రెండోసారి దాటేది ఎవరినో మనకు ముందే తెలుసు కదండీ, అన్నారు.

నేను మొదటి మూడు నెలలూ నా బసనుంచి చెంబుతో నీళ్ళు తెచ్చుకున్నాను. ఆయన బలవంతపెట్టలేదు. ఒక ఎండపూట నా చెంబు ఖాళీ అయి, దోసిలి పట్టాను. ఆ రోజు పోసింది ఎవరో గుర్తులేదు. గుర్తుండాల్సింది.

నాలుగేళ్ళు ఇలా నడిచింది. రైతుల్లో సణుగుడు ఉండేది గాని పిల్లలు చదువుకుంటున్నారు కాబట్టి ఊరుకున్నారు. మాకు లేనిదల్లా గుర్తింపు. అది ఉంటేనే మా ఐదో తరగతి పిల్లలకు ఏలూరు హైస్కూల్లో చేరడానికి పనికొచ్చే సర్టిఫికెట్టు ఇవ్వగలం. అర్జీల మీద అర్జీలు పెట్టగా చివరికి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారు చూడ్డానికి వస్తున్నానని కబురు పంపారు. ఆ పొద్దున హెడ్మాస్టరు గారు ఆయన్ని తీసుకురావడానికి బండి కట్టించుకుని ఉంగుటూరు దాకా వెళ్ళారు. బడి నాకు అప్పజెప్పారు.

ఆ రోజు వంతు పేట పిల్లది. ఐదో తరగతి, పదకొండేళ్ళుంటాయి. నేను వెళ్ళేసరికే కుండ బూడిదతో తెల్లగా తోమి, నీళ్ళు తెచ్చి, చిల్లగింజ అరగదీస్తూ కూర్చుంది.

ఇద్దరు పెద్ద రైతులు వచ్చారు. కోప్పడలేదు. చెప్పులు బయట విడిచి, చాప అంచున కూర్చుని, ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"ఏవండీ మాస్టారూ, మేం బడికి అడ్డొచ్చేవాళ్ళం కాదండీ. ఇన్నాళ్ళూ ఊరుకున్నామా లేదా? ఈ ఒక్క పూటా ఆ పిల్లని కూచోబెట్టండి. ఇన్‌స్పెక్టరు గారితో పై ఊళ్ళ మునసబులు కూడా వస్తున్నారంట. వాళ్ళు చూస్తుండగా మా పిల్లలు ఆ చేతినీళ్ళు తాగితే రేపు మాతో సంబంధం కలుపుకునేదెవరండీ?"

రెండో ఆయన నవ్వాడు. "నీళ్ళే కదండీ. ఎవరు పోసినా గొంతు తడుస్తుంది."

కాదంటే ఏం చేస్తారని అడిగాను. ఏముందండీ, కోతల రోజులు కదా, పిల్లల్ని చేలోకి తీసుకుపోతాం అన్నారు. వాళ్ళు లేస్తే చాప సగం ఖాళీ. ఖాళీ చాప చూసి ఎవరూ గుర్తింపు ఇవ్వరు. గుర్తింపు రాకపోతే అందరికన్నా నష్టపోయేది ఆ పిల్లే, ఆ ఏడు పైచదువుకి వెళ్ళాల్సినవాళ్ళలో ముందున్నది తనే. కాబట్టి తన మేలు కోరే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజమేమిటంటే నాకు భయం వేసింది. వాళ్ళిద్దరూ నన్ను తమవాడిగా చూసి మాట్లాడుతున్నారన్న సంతోషం కూడా లోపల కొంచెం ఉంది. దాన్ని ఇప్పుడు దాచను.

నేను ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, "ఇవాళ నువ్వు ఇన్‌స్పెక్టరు గారికి కొల్లేటి పటం చూపించాలమ్మా. నీళ్ళు వాడు పోస్తాడు. నీ వంతు రేపు" అని ఒక రైతు కుర్రాణ్ణి చూపించాను.

"రెండూ చేస్తానండి" అంది.

"చెప్పినట్టు విను."

ముంత నా చేతికిచ్చి వెళ్ళి కూర్చుంది.

హెడ్మాస్టరు గారు దారిపొడుగునా నీళ్ళ వంతు గురించి ఇన్‌స్పెక్టరుకు చెబుతూనే వచ్చారట. ఆయన మునసబులతో పాకలో అడుగుపెడుతూనే దోసిలి పట్టారు. కుర్రాడు పోశాడు. "రిజిస్టరు వరసేనా?" అని ఇన్‌స్పెక్టరు అడిగారు. హెడ్మాస్టరు గారు కుర్రాణ్ణి చూశారు, చాప మీద కూర్చున్న పిల్లని చూశారు, నన్ను చూశారు.

"రోజూ వరసేనండి. ఇవాళ తప్పింది" అన్నారు.

ఇన్‌స్పెక్టరు పటం దగ్గరికి నడిచారు. ఆ పిల్ల పటం దగ్గర నిలబడి, ఏ ఏరు ఎటునుంచి వస్తుందో తడబడకుండా చెప్పింది. ఆయన మెచ్చుకుని వెళ్ళారు.

బండి కదిలాక హెడ్మాస్టరు గారు ఎవరొచ్చారని అడిగారు. చెప్పాను. "నేను వచ్చేదాకా ఒక గంట ఆగలేకపోయారా?" అన్నారు.

సాయంత్రం పేటవాళ్ళు వచ్చారు. ముందు నిలబడినాయన ఆ పిల్ల తాత, పేటకి పెద్ద. నీళ్ళ దగ్గరనుంచి పిల్లని ఎందుకు లేపారని అడిగాడు. హెడ్మాస్టరు గారు, బడి నాది, బళ్ళో జరిగిన తప్పు నాదే అన్నారు. నేను ఆయన వెనక నాలుగడుగుల దూరంలో రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్ల, తాత కండువా లాగి, "చిన్న మాస్టారు, తాతా" అంది. పేటవాళ్ళంతా నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. నేను చేసిన రెండో తప్పు అదే, మొదటిదానికన్నా పెద్దది.

"పెద్ద మాస్టారు చెప్పకుండా చిన్న మాస్టారు చేస్తాడా?" అన్నాడు తాత. హెడ్మాస్టరు గారి వైపు తిరిగాడు. "వేరేవాళ్ళు లేపితే ఇంత బాధ లేదురా. మా బువ్వ తిని పెరిగినోడివి. నువ్వే లేపావు."

మర్నాటినుంచి పేట పిల్లలు రాలేదు. హెడ్మాస్టరు గారు రోజూ ఇంటింటికీ వెళ్ళారు, ఎవరూ గడప ఎక్కనివ్వలేదు. నేను వెళ్ళి నిజం చెబుతానని ఒకరోజు ఆయనతో అన్నాను. "చెప్పండి. నేను ఆపను. మీ బదులు నేను మాత్రం చెప్పను" అన్నారు. రేపు చెబుదామనుకున్నాను. గుర్తింపు కాగితం వచ్చాక చెబుదామనుకున్నాను. కాగితం వచ్చింది, అప్పటికి పేట పిల్లలు లేని బడి మిగిలింది. వానలు మొదలయ్యేలోపు హెడ్మాస్టరు గారు దాన్ని మూసేశారు. గుర్తింపు ఉంది కదా, నడిపిద్దామని రైతులు బతిమాలారు. అందరూ కూర్చోని చాప నాకెందుకండీ అన్నారాయన. ఊరు విడిచి వెళ్ళిపోయారు. కొన్నేళ్ళకు పోయారని విన్నాను. నేను తణుకులో ఉద్యోగం దొరికి వెళ్ళాను. హెడ్మాస్టరునయ్యాను. దండలు వేయించుకున్నాను.

సంచిక వచ్చిన వారంలోనే ఆ పిల్లని వెతుక్కుంటూ వెళ్ళాను. ఇప్పుడావిడ ఏలూరులో ఒక ఆస్పత్రిలో నర్సు. చదువు ఆగిపోతే ఆరేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టిందట. నన్ను గుర్తుపట్టింది. చెప్పాల్సింది చెప్పాను.

"నాకు తెలియందేముందండీ ఇందులో" అంది. "ముంత తీసుకున్నది మీరే కదా. చెబితే నన్నెవరు నమ్మారు? నాతో కాదు, పేటలో చెప్పండి."

సంచిక వేసిన పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. పోయినవాళ్ళ సంగతి ఇప్పుడెందుకండీ మాస్టారూ అన్నాడు. పోయినాయన మీదే కదండీ మీరు వేసింది అన్నాను. మీకు ఈ వయసులో చెడ్డపేరు ఎందుకన్నాడు. ఆ పేరు నాదేనండీ, ఇన్నాళ్ళూ ఆయన మోశారు అని లేచి వచ్చేశాను.

పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక పేటలో చర్చి ముందు నిలబడి అంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. కొందరు వినకుండా వెళ్ళిపోయారు. ఒక కుర్రవాడు, ఇప్పుడు చెప్పి ఏం పుణ్యం కట్టుకుందామని అన్నాడు. పుణ్యం కోసం రాలేదన్నాను. ఆ పిల్ల తాత ఇంకా ఉన్నాడు. చూపు లేదు. మనవడి భుజం పట్టుకుని దగ్గరికొచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టించుకోవడానికే వెళ్ళాను.

"ఆడు, మీ పెద్ద మాస్టారు, మూడుసార్లు మా గుమ్మంలోకొచ్చాడు బాబూ. తలుపేసుకున్నాను" అన్నాడు. "నువ్వంటే ఇవాళొచ్చి చెప్పుకున్నావు. మరి నేనెవరికి చెప్పుకోను?"

మనవడు ఆయన్ని చర్చి మెట్టు మీద కూర్చోబెట్టాడు. నేనూ ఆయన పక్కనే, ఆయన లేచేదాకా కూర్చున్నాను.