తీతువు గుడ్ల పక్కన చీర

భూపాలపల్లిలో మాది బట్టల దుకాణం. ఇరవై ఏళ్లుగా ఇంటికీ దుకాణానికీ మధ్య తప్ప నేను నడిచింది తక్కువ. అలాంటిది, చొక్కా గుడ్డ కొనడానికి వచ్చిన ఒక కాలేజీ సారు, ఎండాకాలమంతా ఆదివారం పొద్దున కాళేశ్వరం దగ్గర గోదావరి ఒడ్డున నడిచి, కనబడిన పిట్టలనూ చెత్తనూ రాసి, చెత్త ఏరే మనుషులు కావాలని అంటే, నేను వస్తానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

నాకు జతగా ఒక తండా ఆవిడను ఇచ్చారు. అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తుంది, నాకన్నా పదేళ్లు చిన్న. బస్సులో పిల్లలతో ఫోన్‌లో వాళ్ల భాషలో మాట్లాడి, నా వైపు తిరిగి తెలుగులోకి వచ్చేది. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని.

సారు ఇచ్చిన కాగితంలో ఒక పక్క ప్రాణులు, ఇంకో పక్క చెత్త. చూడటానికి తేలికే. ఇసుకలో దిగాకే తికమక మొదలైంది. ప్లాస్టిక్ సీసా చెత్తే, సరే. తీరాన పడున్న బంతిపూల దండ చెత్తేనా? అద్దం పగిలిన దేవుడి పటం?

"దేవుని పటాన్ని సంచిల ఎట్లేస్తవక్కా?" అంది చెల్లె.

"మరి ఈడ్నే ఇడిసిపెడ్దమా?"

"నాకెట్ల ఎరుక?"

చివరికి పటాన్ని సంచిలోనే అన్నిటికన్నా పైన, నిలబెట్టి పెట్టాము. ఎందుకలా చేశామో ఇద్దరం చెప్పలేము.

మూడో ఆదివారం ఒక నీలం చీర కనబడింది. అస్థికలు కలపడానికి వచ్చినవాళ్లు పోయినవాళ్ల బట్టలు అక్కడ వదిలిపోవడం మామూలే. ఇది ఉండలా చుట్టి రాళ్ల మధ్య పడి ఉంది. చేత్తో పట్టుకోగానే తెలిసింది, నేత చీర, ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడింది. లాగి సంచిలో వేస్తుంటే ఒక తీతువు పిట్ట నెత్తి మీదికి వచ్చి అరవడం మొదలుపెట్టింది. తీతువు అరిస్తే కీడంటారు మా ఇంట్లో. నేను వెనక్కి జరగబోయాను.

"అక్కా, అడుగు ఎయ్యకు" అంది చెల్లె.

నా కాలికి జానెడు దూరంలో నాలుగు గుడ్లు. గులకరాళ్ల రంగు, నల్ల మచ్చలు. ఇంతదాకా ఆ చీరే వాటికి కాస్త నీడ పట్టింది. ఇప్పుడు ఎండ నేరుగా పడుతోంది.

సారుకు ఫోన్ చేశాను. "గూడు జోలికి పోకండమ్మా, చెత్త మాత్రం తీసెయ్యండి" అన్నారు. ఆ చెత్తే గూటికి నీడ అని చెప్పేలోపు ఫోన్ కట్టయింది. చీరను మళ్లీ అక్కడే పెట్టాను. చచ్చిపోయినవాళ్ల చీరను ఇలా తీసి పెట్టడం తప్పేమో అనిపించి మళ్లీ తీశాను. చెల్లె నా చేతిలోంచి తీసుకుని పెట్టింది. ఇద్దరం దూరం పోయి కూర్చున్నాము. తీతువు నీళ్ల దాకా పోయి, పొట్ట తడుపుకుని వచ్చి, ఆ తడితోనే గుడ్ల మీద కూర్చుంది.

అప్పుడే ఘాట్ వైపు నుంచి ఒక నడివయసు ఆవిడ ఇసుకలో వెతుక్కుంటూ వచ్చింది.

"అమ్మా, నీలం చీర గిట్ల చూసిన్రా?" అని అడిగింది. "మా అవ్వది. పొద్దుగాల ఇడిసిపెట్టి బండెక్కినం. మాదేవ్‌పూర్ దాక పోయినంక మనసొప్పలే. అందరు నన్ను తిట్టిన్రు, ఇడిసింది మళ్ల తెచ్చుకోవద్దని. తెచ్చుకుంటె తప్పా అమ్మా?"

నేనే ఆ చీరను చెత్త కింద రాసుకున్నాను. చెల్లె వేలితో చూపించి, "ఆడుంది. గని పిట్ట గుడ్లు పెట్టింది" అంది.

ఆవిడ అటు తిరిగి చూసింది. "మా అవ్వయితె పిట్టకే ఇడిసిపెట్టు అంటుండె" అంది. నేను అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆవిడ కళ్లు తుడుచుకుని, "నేను మా అవ్వ లెక్క గాదమ్మా. నాకు చీర గావాలె" అంది.

ఆ మాటకు నాకు కోపపడాలో జాలిపడాలో అర్థం కాలేదు. చెల్లె మాత్రం లేచి, మేము పొద్దుటి నుంచి నింపిన చెత్త సంచి మూతి గట్టిగా కట్టింది. తీతువు అరుస్తుండగానే పోయి, సంచిని గుడ్ల మీద నీడ పడేలా పక్కన నిలబెట్టి, చీర తీసుకొచ్చి ఆవిడ చేతుల్లో పెట్టింది. ఆవిడ ఇసుక దులపకుండానే దాన్ని సంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. చెత్త తీయడానికి వచ్చినవాళ్లం, ఏరిన చెత్తంతా అక్కడే వదిలి బస్సెక్కాము.

తర్వాతి ఆదివారం వెళ్తే సంచి ఉంది, గుడ్లు లేవు. పెంకు ముక్క కూడా లేదు. తీతువు మాత్రం కొంచెం అవతల అరుస్తూ తిరుగుతోంది.

"పిల్లలైనయ్. అందుకే మనల్ని రానిస్తలేదు" అంది చెల్లె.

"ఏదో తిని పోయిందేమో. గుడ్లు పోయి ఏడుస్తుందేమో."

"ఏడుపు గట్లుండదక్కా."

"నీకెట్ల తెల్సు?"

"తెల్వది" అంది తను, నవ్వకుండా.

రాళ్ల మధ్య వంగి వంగి చూశాము. ఒక చోట ఏదో కదిలినట్టు నాకనిపించింది. తనకు కనబడలేదట. ఇంకో అడుగు వేస్తే తొక్కుతామేమోనని భయం, వేయకపోతే ఎప్పటికీ తెలియదని బాధ. ఎండ ముదిరేదాకా నిలబడి, ఆ అడుగు వేయకుండానే సంచి ఎత్తుకుని వెనక్కి తిరిగాము.