మాదాపూర్ పోస్టులో ఖోఖో జట్టు

1998 మార్చి. ఉదయం ఆరున్నరకు మాదాపూర్ పోస్టులో రిపోర్టు చేశాను. పద్దెనిమిదేళ్లు సైన్యంలో చేసిన హవల్దారుని; ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. చుట్టూ బండలు, ఎర్రమట్టి, ఎండ. సామగ్రి: లాఠీ, వాకీటాకీ, విజిల్.

ఆఫీసు ఊడ్చే ఆడవాళ్లు తొమ్మిది మంది. మధ్యాహ్నం ఆ బండల మీదే, ఎండలోనే తినేవారు. లోపల ఒక గది ఖాళీగా ఉంది. అడిగితే మేనేజరు నవ్వాడు. "వార్షికోత్సవం ఖోఖోలో మా అమ్మాయిల మీద గెలవమనండి. గది ఇచ్చేద్దాం." ఆయనకది పరాచకం. నేను ఆర్డరుగా తీసుకున్నాను.

మూడు వారాలు, రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరు. ముగ్గుపిండితో గీతలు వాళ్లే గీశారు. నేను చెప్పిందిది: రెండు అరచేతులూ గీత మీద ఆనించి కూర్చో, లేవడం తేలిక. కాళ్లు కాదు, నడుము చూడు. మనిషి ఎటు తిరిగేదీ నడుమే ముందు చెబుతుంది. స్తంభం వైపు తరుము. ఉరికే ఆమె వరస దాటబోతుండగానే ఖో ఇయ్యి. దాటాక ఇస్తే గోవిందా!

ఆఫీసు అమ్మాయిలు ప్రాక్టీసుకు వచ్చిన రోజు మావాళ్లు ఒక్కరినీ ముట్టుకోలేదు. అందరిలోకీ చురుకైన యాదమ్మ జానెడు దూరం దాకా వెళ్లి చెయ్యి వెనక్కి తీసుకుంది. నాకు ఒళ్లు మండింది. బద్ధకమనుకుని అందరినీ మూడు రౌండ్లు పరుగెత్తించాను.

"ఉరుకుడు రాక కాదు సార్," అంది యాదమ్మ రొప్పుతూ. "మేడమ్ ఎదురొస్తే గోడకు జరిగి నిలబడాలని రాసి పెట్టిండ్రు గద. గసొంటి మేడమ్‌ను ముట్టుకునుడెట్ల?"

వచ్చిన వారంలోనే ఆ కాగితం రాసి అంటించింది నేనే. సిగ్గేసింది. వాళ్ల ముందే చింపేశాను.

"ముగ్గు గీతల్లో మేడమ్ లేదమ్మా, ఉరికే మనిషే ఉంది."

ఆట రోజు వాళ్లు మావాళ్లను ఐదుగురిని అవుట్ చేశారు. మేమూ ఐదుగురిని చేశాం. వాకీటాకీలో గేటు గార్డు గొంతు: "ఎంతయింది సార్?"

"సమానం. నిమిషం ఉంది."

"జర దేవునికి మొక్కుండ్రి సార్!"

యాదమ్మ ఖో అందుకుని లేచింది. నీలం చుడీదార్ అమ్మాయిని స్తంభం దాకా తరిమింది. ఆ అమ్మాయి మలుపు తిరిగింది. యాదమ్మ చెయ్యి చాచింది. అంతలో టైము విజిల్. అంపైరు తల అడ్డంగా ఊపాడు. "తగల్లేదు."

గది పోయిందనుకున్నాను.

ఆ నీలం చుడీదార్ అమ్మాయే అంపైరుకు వీపు చూపించింది. "విజిల్ కంటే ముందే తగిలిందండీ! చూడండి, అచ్చు పడింది!" ఓడిపోతూ నవ్వుతోంది.

ఏడాదికి డ్యూటీ ముగిసింది. గది గూట్లో తొమ్మిది టిఫిన్ డబ్బాలు చూసుకుని మూసాపేట ఇంటికి వచ్చేశాను. సైన్యంలో చూసినవి చాలా మరిచిపోయాను. ఇదొక్కటి పోదు: నీలం బట్ట మీద తెల్లగా, ఐదు వేళ్లూ విప్పిన ముగ్గు చెయ్యి.